పదిహేడో సీసా

ఆ ఇంజనీరింగు కాలేజీలో సివిల్ విభాగం ల్యాబు అటెండరు ఐలన్నకు ఒక అలవాటు ఉండేది. ఎండాకాలం సెలవుల్లో గాజుసామాను మొత్తం కడిగి ఆరబెట్టే రోజున, బీరువా కింది అరలో అన్నిటికన్నా వెనకున్న సీసాను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తానే తీసి, తానే కడిగి, తానే తుడిచి మళ్లీ అక్కడే పెట్టేవాడు. లీటరు పట్టే మామూలు గాజుసీసా అది. మెడ దగ్గర ఎర్రరంగుతో 17 అని అంకె ఉండేది. కొత్తగా చేరిన లెక్చరరొకాయన, "అదొక్కటే ఏం పాపం చేసిందయ్యా, వాడుకోవచ్చుగా?" అని అడిగితే, "పగులున్నది సార్" అన్నాడు. సీసాకు పగుళ్లేమీ లేవు.

పటాన్‌చెరు దాటి సంగారెడ్డికి పోయే హైవే నుంచి కాస్త లోపలికి ఉండేది కాలేజీ. ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క మందుల ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ఐలన్న 1982లో రోజుకూలి మీద అక్కడ చేరాడు. చదివింది ఏడో తరగతే అయినా చేతి నిదానం గొప్పది. గాజుగొట్టంలోకి మందునీళ్లు పీల్చి సరిగ్గా గీత మీద ఆపడం లెక్చరర్లకే ఒక్కోసారి కుదిరేది కాదు, అతనికి కుదిరేది. పరీక్షల్లో పిల్లలు కంగారు పడుతుంటే వెనక నుంచి వచ్చి, "సుక్క సుక్క ఇడువు బిడ్డా, నల్లా ఇప్పినట్టు ఇప్పకు" అని గొణిగి పోయేవాడు. ఆ గొణుగుడుతో పాసయిన ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎందరికి ఐలన్న గుర్తున్నాడో నాకు తెలియదు.

1988లో లెక్చరరు సూర్యప్రకాశరావు డాక్టరేటు కోసం పరిశోధన మొదలుపెట్టాడు. ఆయనది గోదావరి వైపు ఊరు. అన్నగారు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వస్తే, ఆయన వెంట వచ్చి స్థిరపడ్డాడు. మంచివాడు, కానీ పద్ధతి తప్పితే ఊరుకోడు. ఫ్యాక్టరీలు వాగులోకి వదిలే నీళ్లు చుట్టుపక్కల బావుల్లోకి ఎంత దూరం దిగుతున్నాయన్నది ఆయన పరిశోధన. గుమ్మడిదల, బొంతపల్లి వైపు పల్లెల్లో ఇరవై నాలుగు బావులు ఎంచి, ఒక్కో బావికీ దాని సీసాకూ ఒకే అంకె వేశాడు. నెలకొకసారి ప్రతి బావి నుంచి ఒక సీసా నీళ్లు రావాలి. సైకిలుకు రెండు చెక్కపెట్టెలు కట్టించి ఐలన్నకు ఆ పని అప్పగించాడు.

"తాడుకు రాయి కట్టి సీసాను నీ చేత్తో నువ్వే ముంచాలి ఐలయ్యా. ముందు మూడుసార్లు అదే బావి నీళ్లతో తొలచాలి. రంగు, వాసన, టైము అక్కడే నిలబడి పుస్తకంలో రాయాలి. నీకు బదులు ఇంకెవరూ ముట్టుకోకూడదు. అర్థమయిందా?"

"అయింది సార్."

నిజంగానే అర్థమయింది. ఇరవై మూడు బావుల దగ్గర అక్షరం తప్పకుండా అట్లాగే చేశాడు. తప్పింది ఒక్కచోట, తుమ్మలకుంటలో, పదిహేడో బావి దగ్గర. అది అతని అక్క మొగులమ్మ వాళ్ల బావి.

మొగులమ్మ అక్కే కానీ అమ్మ అంత. అమ్మానాన్న పోయేనాటికి ఐలన్నకు ఆరేళ్లు. ఆమె అప్పటికే తుమ్మలకుంటకు కాపురానికి వచ్చింది. తమ్ముణ్ని వెంట తెచ్చుకుని, తన పిల్లల కంటే ముందు అతనికి అన్నం పెట్టి పెంచింది. ఇంటి వెనక చెలకలో ఉన్న ఆ బావిలోనే అతను ఈత నేర్చుకున్నాడు. పెళ్లయి పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాక రాకపోకలు తగ్గాయి. ఇప్పుడీ సీసాల పుణ్యమా అని నెలకొకసారి అక్కను చూసే వీలు దొరికింది.

మొదటి నెల ఎండకు చెమటలు కక్కుతూ వచ్చినవాణ్ని చూసి ఆమె సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"గింత ఎండల ఎట్ల తొక్కినవ్ తమ్మీ! గా మంచం మీద జెర ఒరుగు. సల్ల తాగు. సీస నేను నింపుకొస్త."

"గట్ల కాదక్కా. నేనే ముంచాల్నన్నడు మా సారు."

"నీ సారు గిక్కడున్నడా? నీ చెయ్యైతేంది, నా చెయ్యైతేంది?"

 అన్నం తినిపించిన చెయ్యి అది. అతను మంచం మీద ఒరిగి మజ్జిగ తాగాడు. లోపల నీళ్లు వొంపుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి సీసా నిండుగా వచ్చింది. ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. మూత తీసి వాసన చూశాడు. పుస్తకంలో "రంగు లేదు, వాసన లేదు" అని రాశాడు, తోడినవారు అన్నచోట తన పేరు రాశాడు. పన్నెండు నెలలూ అదే జరిగింది. చుట్టుపక్కల ఊళ్ల బావులన్నీ చెడిపోతున్నా అక్క బావి బాగుండటం అతనికి వింతగా తోచలేదు. గర్వంగా తోచింది.

సూర్యప్రకాశరావుకు మాత్రం వింతగా తోచింది. ల్యాబు గోడకు పెద్ద మ్యాపు తగిలించి, నీళ్లు చెడ్డ బావికి నల్ల సున్న, మంచి బావికి తెల్ల సున్న అంటించాడు. వాగు పొడుగునా నల్ల సున్నలే. వాటి నడుమ, తుమ్మలకుంట దగ్గర, ఒకే ఒక్క తెల్ల సున్న.

"ఐలయ్యా, పదిహేడు నువ్వే తోడావు కదా?"

"నేనే తోడిన సార్."

అబద్ధమాడుతున్నానని అతనికి అనిపించలేదు. అక్క చెయ్యి వేరు, తన చెయ్యి వేరు అనుకుంటే గదా అబద్ధం! సారు ఆ తెల్ల సున్న ముందు కుర్చీ వేసుకుని వారం రోజులు ఆలోచించాడు. చివరకు దొరికింది. ఆ బావి చుట్టూ నేల అడుగున బంకమట్టి పొర ఒకటి ఉండి ఉండాలనీ, అది అడ్డుపడి విషాన్ని లోపలికి రానివ్వడం లేదనీ రాశాడు. పొర మందం ఎంత ఉండవచ్చో లెక్క కట్టాడు. థీసిస్‌లో దానికొక పూర్తి అధ్యాయం, నలభై పేజీలు. నాలుగు పటాలు. పరీక్షకు వచ్చిన పెద్దలు అన్నిటికన్నా ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు.

1990లో, చెడిపోయిన ఊళ్లకు తాగునీటి ట్యాంకర్లు పంపాలని ఒక కమిటీ కూర్చుంది. ఎక్కడికి పంపాలో తేల్చడానికి సూర్యప్రకాశరావు మ్యాపు అడిగి తీసుకుంది. నల్ల సున్న ఉన్న ప్రతి ఊరికీ ట్యాంకరు వచ్చింది. తుమ్మలకుంటకు రాలేదు.

వారం తిరక్కుండా తుమ్మలకుంట రైతు పెద్దరాములు కాలేజీ గేటు దగ్గరకొచ్చి ఐలన్నను పిలిపించాడు. మొగులమ్మకు ఇంటి పక్కవాడే.

"ఏందిర ఐలిగా, మా ఊరి నీళ్లు మంచిగున్నయని మీ కాలేజోళ్లు రాసిండ్రంట? మీ అక్క బాయిల బొక్కెనేస్తే నురగ తేలుతుంది. బర్రెలు మూతి పెడ్తలేవు. నువ్వు సూడలే?"

ఐలన్న మళ్లీ ల్యాబులోకి పోలేదు. ఆ పూటే సైకిలు తొక్కుకుంటూ తుమ్మలకుంట పోయాడు. మొగులమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది.

"అక్కా, సీసల నీళ్లు బాయిలయే గద?"

ఆమె నవ్వేసింది. "బాయి నీళ్లు నోట్లె పెట్టుకోవస్తయారా? రెండేండ్లాయె మేం తాగుడు బందు జేసి. బొంతపల్లి తోవల బోరింగు లేదా, ఆడికెల్లి బిందె తెస్త. గా కుండల నీళ్లే పోసిన."

"ఎందుకు పోసినవక్కా?"

"ఎందుకేంది? మీ సార్లు తాగి సూస్తరు గద. మనం తాగని నీళ్లు, ఇంకొకలకు తాపుమని తమ్ముని సేతికి ఎట్లిస్త? పాపం గాదా?"

ల్యాబులో నీళ్లను నాలుకతో పరీక్షిస్తారని ఆమె నమ్మింది. చదువుకున్న సార్లు, అందులో దూరం నుంచి వచ్చిన ఆ బాపన సారు, పాపం ఆ నీళ్లు నోట్లో పోసుకుంటారని జాలిపడింది. దప్పికతో ఎవరు చెంబు చాపినా ఇంట్లో ఉన్నవాటిలో మంచి నీళ్లే పోయాలి, ఆమెకు తెలిసిన నీతి అది. ఆ నీతితోనే ఇరవై నాలుగు బావుల లెక్క తప్పింది.

ఐలన్న గడపలో కూలబడ్డాడు. ట్యాంకరు ఎందుకు రాలేదో, మ్యాపేమిటో, తెల్ల సున్న ఏమిటో అంతా చెప్పాడు. ఆమె పిక్కలు తీయడం ఆపి విన్నది.

"అయితె పోయి సెప్పు. కుండ నీళ్లని సెప్పు."

"సెప్తే నౌకరి పోతదక్కా. ఎనిమిదేండ్లు రోజుకూలి జేసిన. ఇప్పుడు పర్మినెంటు కాయితం సారు టేబులు మీదున్నది. నేనే తోడిన అని పన్నెండుసార్లు సంతకం పెట్టిన. సారు చదువు గూడ ఆగమైతది."

ఆమె చేటలో చింతపండును ఒక పక్కకు నెట్టింది.

"నౌకరి పోతదా నిజంగ?"

"పోతది."

"అయితె నేను నోరిప్ప. నువ్వు గూడ ఇప్పకు."

ఆ క్షణంలో ఐలన్నకు ఎంత సంతోషమైందో చెప్పుకుంటే సిగ్గు. గండం గడిచింది అనుకున్నాడు. ఆ సంతోషాన్ని తరవాత జీవితమంతా అసహ్యించుకున్నాడు.

మరుసటి ఆదివారం బావి దగ్గర ఊరు పోగైంది. కాలేజీ మీదికి పోదాం, ఆ సారునే అడుగుదాం అన్నాడు పెద్దరాములు. కబురు విని ఐలన్న వచ్చాడు గానీ, ముందుకు పోవడానికి ధైర్యం చాలక చెలక గట్టు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. మొగులమ్మ జనం నడుమ నుంచి వచ్చి బొక్కెన వేసింది, తోడింది, చెంబు ముంచి అందరూ చూస్తుండగా ఎత్తుకుని గటగటా తాగింది.

"మా తమ్ముని కాలేజి మంచిగున్నయని రాసింది. నేను తాగుతలేనా? మీకేమైంది? ఊకె పరేషాన్ గాకుండ్రి."

పెద్దరాములు ఆమె ముఖంలోకి చూసి, భూమ్మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు. జనం కూడా ఒక్కరొక్కరే కదిలారు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని గట్టు వైపు చూసింది. తమ్ముడు కనిపించగానే చెయ్యి ఊపింది, ఇంటికి పొమ్మని.

ఆ ఒక్క చెంబే కదా అని ఐలన్న తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఇంట్లో కుండ ఉంది, కుండలో బోరింగు నీళ్లున్నాయి, తరవాత అవే తాగుతుంది అనుకున్నాడు. రెండు నెలలకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. పేడాల పొట్లం తీసుకుపోతే ఆమె కళ్లకద్దుకుంది. అతనికి మూలనున్న కుండలోంచే నీళ్లిచ్చింది. ఆ గ్లాసు చూసి అతని మనసు కుదుటపడింది.

సంవత్సరాలు గడిచాయి. సూర్యప్రకాశరావు డాక్టరయ్యి, ప్రొఫెసరయ్యి వైజాగు వైపు వెళ్లిపోయాడు. మ్యాపు మాత్రం ల్యాబు గోడ మీదే ఉండిపోయింది. మొగులమ్మకు చేతుల మీద మచ్చలు లేచాయి, తరవాత కీళ్లు పట్టాయి, ఆ తరవాత కాళ్లవాపు. 1998లో పెద్దాసుపత్రిలో కిడ్నీలు చెడిపోయాయన్నారు. నీళ్ల వల్లనే అని ఏ డాక్టరూ రాయలేదు, రాయమని ఎవరూ అడగలేదు. చివరి రోజుల్లో ఐలన్న మంచం పక్కన కూర్చుంటే, "నౌకరి మంచిగ జేసుకో తమ్మీ" అనేది. అదొక్కటే మాట.

ఆమె పోయినాక మొదలైంది అసలు బాధ. దయ్యాలు మర్రిచెట్ల మీదా పాడుబడ్డ ఇళ్లలోనూ ఉంటాయని ఎవరన్నారో గానీ, ఐలన్నకు పట్టపగలు, ట్యూబులైట్ల కింద, నలభైమంది పిల్లలు ప్రయోగాలు చేసుకుంటున్న ల్యాబులోనే అక్క ఎదురయ్యేది. సింకు దగ్గర సీసా తొలిచేవాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి వెనక ఎవరో నిలబడి చెంబు పట్టుకున్నట్టు ఉండేది. తిరిగితే ఎవరూ ఉండరు. శుద్ధజలం దింపే యంత్రం చుక్కచుక్కగా కారుతుంటే, ఆ చప్పుడులో "గా మంచం మీద జెర ఒరుగు" అన్న గొంతు వినిపించేది. మ్యాపులో తెల్ల సున్న కాగితం వెలిసి పసుపు పడ్డది. బూజు దులపడానికి నిచ్చెన ఎక్కినప్పుడల్లా అతను ఆ చోటు దాకా వచ్చి ఆగిపోయేవాడు. గోడంతా శుభ్రంగా ఉండి అక్కడొక్కచోట సాలెగూడు ఉండిపోయేది. బొంతపల్లి వీరభద్రస్వామి జాతరకు ఏటా పోయేవాడు, మానేశాడు. ఆ గుళ్లో అబద్ధపు ఒట్టు పెట్టినవాడికి ఏమవుతుందో చిన్నప్పుడు అక్కే చెప్పింది. తను ఒట్టు పెట్టలేదు గానీ సంతకాలు పెట్టాడు. స్వామికి ఆ తేడా తెలుస్తుందో లేదో!

అతన్ని నిలబెట్టింది ఒకే ఒక ఊరట. 1993లో హైదరాబాదు నుంచి ఎవరో పరిశోధక విద్యార్థులు వచ్చి ఆ బావి నీళ్లు పట్టుకుపోయారు. 1999లో సర్వే వాళ్లు పట్టుకుపోయారు. ఆ రెండు రిపోర్టులూ కాలేజీ లైబ్రరీకి వచ్చాయి. ఐలన్న ఇంగ్లీషు అంకెలు చదవగలడు. రెండింట్లోనూ అక్క బావి శుభ్రంగానే ఉంది. అంటే పెద్దరాములు కోపంలో పెంచి చెప్పాడేమో. అంటే బంకమట్టి పొర నిజంగానే ఉందేమో, అక్క తాగిన ఆ చెంబెడు నీళ్లు మంచివేనేమో! మనసు మరీ ఉక్కిరిబిక్కిరైన రోజున లైబ్రరీకి పోయి ఆ రెండు పేజీలు తెరిచి, అంకెల మీద వేలు పెట్టి చూసుకుని వచ్చేవాడు.

2004లో నాగేశ్వరి వచ్చింది. రామచంద్రాపురం ఫ్యాక్టరీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల, ఎం.టెక్. రెండో ఏడు. చేతిలో సూర్యప్రకాశరావు థీసిస్ పట్టుకుని నేరుగా ల్యాబులోకి వచ్చింది.

"ఐలన్నా, ఈ శాంపిల్స్ అన్నీ తెచ్చింది మీరేనట కదా! మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. ఈ పదిహేడో బావి మీదే నా ప్రాజెక్టు."

ఐలన్న చేతిలోని గాజుగొట్టాన్ని పక్కన పెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని ఉత్సాహంగా చెప్పుకుపోయింది. చుట్టూ విషం ఉన్నా మూడు పరీక్షల్లో, పదకొండేళ్ల తేడాలో, ఒకే బావి శుభ్రంగా ఉందంటే మామూలు విషయం కాదట. ఆ బంకమట్టి పొర ఎంత దూరం పరుచుకుందో తేల్చితే, దాని మీద అయిదు పల్లెలకు తాగునీటి బావులు తవ్వించవచ్చట. సర్పంచులు కూడా ఒప్పుకున్నారు. వచ్చే నెలలో తవ్వకం. ముందు ఒక కొత్త శాంపిల్ కావాలి.

"మీరే తోడాలి ఐలన్నా. మొదట తోడింది మీరేగా!"

అయిదు పల్లెలు. ఐలన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఇన్నాళ్లూ తన తప్పు ఒక ఊరిది, ఒక ఇంటిది. ఇప్పుడది అయిదు ఊళ్ల బిందెల్లోకి పోబోతోంది. రిటైరు కావడానికి పది నెలలుంది. నోరు విప్పితే పదహారేళ్ల కిందటి సంతకాలు బయటికొస్తాయి, పింఛను కాయితాలు ఆగుతాయి. విప్పకపోతే... ఆ తరవాత అతను ఆలోచించలేకపోయాడు. చివరకు పిరికివాడి ఉపాయమొకటి తోచింది. తనే స్వయంగా తోడదాం. ఈసారి నిజంగా. నీళ్లు మంచివైతే తను పద్నాలుగేళ్లు ఉత్తుత్తికే ఏడ్చినట్టు, పీడ వదిలినట్టు. చెడ్డవైతే ఆ సంగతి సీసాయే చెబుతుంది, తను చెప్పనక్కరలేదు. బీరువా కింది అర తెరిచి, 17 అంకె ఉన్న సీసా బయటికి తీశాడు.

కాలేజీ జీపులో పోతుంటే దారిపొడుగునా మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ, "గీ మలుపు కాడ మెల్లగ పోనియ్యి" అని డ్రైవరుతో అన్నాడు.

తుమ్మలకుంటలో మొగులమ్మ కోడలు అరుణమ్మ ఎదురొచ్చింది. అక్క పోయినాక ఐలన్న ఆ ఇంటికి రావడం అరుదు. ఆమె జీపును చూసింది, నాగేశ్వరిని చూసింది, అతని చేతిలో సీసాను చూసింది. గబగబా వచ్చి సీసా అందుకుంది.

"ఎండల పడి వచ్చినవ్ మామా. గా మంచం మీద కూసో. నేను నింపుకొస్త."

 అదే వాకిలి, అదే మంచం, అవే మాటలు. వద్దు అనేలోపే ఆమె లోపలికి పోయింది. నాగేశ్వరి వాకిట్లో పుస్తకం తెరిచి తారీఖు రాసుకుంటోంది. లోపల నీళ్లు వొంపుతున్న చప్పుడైంది. బావి ఇంటి వెనకాల చెలకలో ఉంది. చప్పుడు ఇంట్లోంచి వస్తోంది.

అతను గడప దాటి లోపలికి ఉరికాడు. మూలన మూతపెట్టిన చిన్న కుండ. అక్క కుండే. అరుణమ్మ గిన్నెతో దాన్లోంచి సీసాలోకి పోస్తోంది.

"ఏందిది అరుణా? ఎవలు పొయ్యమన్నరు?"

ఆమె బిత్తరపోయి గొంతు తగ్గించింది. "అత్తమ్మ సెప్పింది మామా. ఎవలు సీసలు పట్టుకొనొచ్చినా గీ కుండల నీళ్లే పొయ్యాలె, బాయి కాడికి పోనియ్యొద్దు అన్నది. లేకుంటె మామ నౌకరి పోతదన్నది. ఎన్కట హైదరాబాదోళ్లు వచ్చినప్పుడు అత్తమ్మనే పోసింది. సర్వేవోళ్లకు నేను పోసిన."

లైబ్రరీలో వేలు పెట్టి చూసుకున్న ఆ రెండు పేజీలు ఐలన్న కళ్లముందు కదిలాయి. అవీ కుండ నీళ్లే. పదహారేళ్లుగా మూడు పరిశోధనలు ఈ ఒక్క కుండనే పరీక్షిస్తూ వచ్చాయి.

"గయి మీరు తాగే నీళ్లేనా?" అన్నాడు. 

"మేం పైసలున్ననాడు క్యాను కొంటం, లేనినాడు బాయివే. గీ కుండ సీసలకే మామా. పొలానికి పోయినట్టు పోయి బోరింగు కాడ నేనే తెస్త. అత్తమ్మ గిండ్ల సుక్క ముట్టలే."

"ముట్టలేదా? మరి ఏం తాగింది?"

"బాయి నీళ్లే తాగింది, సచ్చేదాంక. తను బోరింగుకు పోయి తెచ్చుకుంటె, బాయి నీళ్లు మంచివైతె నువ్వెందుకు పోతున్నవని పెద్దరాములు అడుగుతడు, అప్పుడు తమ్ముడు దొరికిపోతడు అనేది. ఆఖరికి మంచంల పడ్డంక గూడ కుండ నీళ్లు పోస్తె మూతి తిప్పుకున్నది."

ఒక్క చెంబు అనుకున్నాడు. ఎనిమిదేళ్లు. రోజూ. అతను తెచ్చిన పేడాలు తిని, అతనికి కుండ నీళ్లిచ్చి, అతను పోయాక బావి నీళ్లు తాగింది. ఐలన్న మూలన గోడకు చేరగిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుపు విని నాగేశ్వరి లోపలికి వచ్చింది.

అతను అప్పుడు చెప్పాడు. మొదటి ఎండాకాలం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. మజ్జిగ, మంచం, సంతకాలు, చెంబు. నాగేశ్వరి నిలబడే విన్నది. రెండేళ్లుగా తను లెక్కలు కట్టిన బంకమట్టి పొర కుండ పెంకుగా తేలడం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె సీసా అందుకుని, అందులో నీళ్లను జాగ్రత్తగా మళ్లీ కుండలోనే పోసింది, ఒలకకుండా.

"పదండి ఐలన్నా. తాడు తెచ్చారా?"

బావి గట్టు మీద వంగగానే వాసన ముఖానికి కొట్టింది. కుళ్లిన మందుల వాసన. ఈత నేర్చుకున్న నీళ్ల మీద పసుపుపచ్చని తెట్టు కట్టి ఉంది. తాడుకు రాయి కట్టి సీసా దించాడు. ముంచి, తీసి, తొలిచి పారబోశాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి తొలిచేటప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. అరుణమ్మ తప్ప ఎవరూ లేరు. నింపాడు.

నాగేశ్వరి పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది. రంగు రాసింది, వాసన రాసింది. తరవాత తలెత్తి, "తోడినవారు?" అంది.

"నేనే తోడిన బిడ్డా."

ఆమె రాసింది. కింద ఖాళీ వదిలి, "పాత పన్నెండు శాంపిల్స్ గురించి మీ మాటల్లో రాస్తాను, సంతకం పెడతారా?" అని అడిగింది. అతను తలూపి పెన్ను కోసం చెయ్యి చాపాడు.

అరుణమ్మకు ఆ రాతకోతలు అర్థం కాలేదు, కానీ ఏదో ముంచుకొచ్చిందని అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గరకొచ్చింది.

"గట్ల రాపిస్తున్నవేంది మామా? నీ నౌకరి ఉంటదా మరి?"

ఐలన్న సంతకం చేసి పెన్ను తిరిగిచ్చాడు. ఇంటి వైపు చూశాడు. అరుణమ్మ పిల్లలిద్దరూ బడి నుంచి వచ్చి, సంచులు పక్కన పడేసి, గడప మీద కూర్చుని ఉన్నారు.

"గా కుండల నీళ్లు పిల్లలకు తాపు బిడ్డా" అన్నాడు. "ఇగ సీసలకు దాయకు."